అరచేతి చాళ్లు

ఫిబ్రవరి 18, 2025. మంగళవారం

ఎరువుల దుకాణం జగదీశ్ కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ బియ్యం డబ్బా మీద పడి ఉంది. అంగన్‌వాడీలో ఇన్ని రిజిస్టర్లు రాస్తాను, అన్నీ ఎవరో ఒకరు వచ్చి చూసేవే. ఇది ఎవరూ చూడరు. మా ఆయన ప్రేమయ్యకు చదవడం వచ్చు గానీ ఓపిక లేదు.

కరుణ్ మాత్రల కోసం పెద్ద దవాఖానకు వెళ్ళాం. ఏడేళ్లుగా నెలనెలా వెళ్ళేదే. స్కిజోఫ్రీనియా అన్న మాటకు మొదటి ఏడాది నాకు నోరు తిరగలేదు. ఇప్పుడు కందిపప్పు అన్నంత సులువుగా అంటాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

ఇవాళ కొత్తగా శ్రావణ్‌కుమార్ అని ఒక కుర్ర డాక్టరు వచ్చి, చదువు కోసం ఈ జబ్బు ఉన్నవాళ్ల చేతి ముద్రలు సేకరిస్తున్నానని, ఇష్టమైతేనే ఇవ్వమని అడిగాడు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. కరుణ్ వెంటనే చేతులు చాపాడు. రోలరుతో నల్ల సిరా పూసి, ఒక్కో వేలూ పక్క నుంచి పక్కకు దొర్లించి, తర్వాత అరచెయ్యంతా కాగితం మీద అద్దించాడు. అరచేతి మధ్య గుంట కాగితానికి తగలదట, అందుకని కింద దూది మడత పెట్టాడు. ఎంత నేర్పుగా పట్టుకున్నాడో నా కొడుకు చెయ్యి.

"పోలీసోళ్లు అడుగుతరు, ఆధారోళ్లు అడుగుతరు, ఇప్పుడు డాక్టర్లు గూడ. నా చేతులకు మస్తు గిరాకీ ఉన్నదమ్మా" అన్నాడు కరుణ్. డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత నేనే అడిగాను, చేతుల్లో ఏం చూస్తారని. జాతకం గీతలు కావమ్మా అన్నాడు. వాటి మధ్య సన్నగా దున్నిన చాళ్ల లాగా ఉంటాయి చూడండి, అవి. మూడు వైపుల నుంచి వచ్చిన చాళ్లు ఒక మూల కలుస్తాయి, అక్కడి నుంచి కొలుస్తాడట. బిడ్డ కడుపులో ఉండగా మూడో నెల దాటి నాలుగో నెలలో అవి పడతాయట. ఒకసారి పడ్డాయంటే చచ్చేదాకా మారవు. లోపల మెదడు తయారయ్యేదీ ఆ రోజుల్లోనే, అప్పుడేమైనా ఒడిదుడుకులు వస్తే చేతిలో జాడ ఉంటుందేమో అని చూస్తున్నాడట.

ఇంకా చాలా చెప్పాడు. నాకు నాలుగో నెల అన్నంతవరకే వినబడింది.

ఫిబ్రవరి 19

కరుణ్ తొంభై ఎనిమిది సెప్టెంబరులో పుట్టాడు. నాలుగో నెలంటే మార్చి. ఊరికే వేళ్ల మీద లెక్కపెట్టాను, ఏమీ తోచక.

ఫిబ్రవరి 24, సోమవారం

మధ్యాహ్నం కరుణ్ మాత్రల మత్తులో పడుకుని ఉంటే కుడి చెయ్యి తెరిచి చూశాను. స్పిరిటుతో తుడిచినా గోళ్ల మూలల్లో సిరా పోలేదు. చిటికెన వేలి కింద చాళ్లు నాకు తిన్నగా అనిపించలేదు. నా చెయ్యి పక్కన పెట్టి చూశాను. నావి అరిగిపోయాయి, అంట్లు తోమీ తోమీ.

కళ్లు తెరవకుండానే "ఏంది అమ్మా?" అన్నాడు.

"దోమ వాలింది" అన్నాను. మధ్యాహ్నం పూట దోమ.

మార్చి 5, బుధవారం

ఇవాళ భస్మ బుధవారం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలు. సాయంత్రం ఆరాధనలో పాస్టర్ జయకర్ గారు నలభై రోజుల ఉపవాసం ఎవరెవరు ఉంటారో చేతులెత్తమన్నారు. నేను ఎత్తలేదు. ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన అడిగాడు.

"ఎన్నేండ్లాయె నువ్వు ఉపవాసముండక?"

"షుగర్ ఉన్నది నాకు. పడిపోతే ఎవరు మోస్తరు, నువ్వా?" అన్నాను. ఆయన ఎయిర్‌పోర్టు తోటల్లో పొద్దంతా మొక్కలకు నీళ్లు పట్టి వస్తాడు, నడుం నొప్పి.

తొంభై ఎనిమిదిలో నేను నలభై రోజులూ ఉండలేదు. ఆదివారాలు వదిలేశాను.

ఆదివారాలు అందరూ వదిలేస్తారు. అవి లెక్కలోకే రావు.

పొద్దు గుంకాక తినేదాన్ని. కడుపు నిండానే తినేదాన్ని. నిండా అంటే, అప్పుడు వాంతులు కదా, ఎంత పోతే అంత. మధ్యాహ్నం ఎప్పుడైనా మజ్జిగ తాగి ఉంటాను. తాగే ఉంటాను.

మార్చి 7, శుక్రవారం

అంగన్‌వాడీకి వచ్చే జవేరియాను కొంచెం గట్టిగా మందలించాను. ఆమె మంచికే.

కరుణ్ అన్నం తినకుండా పడుకున్నాడు. ఎండకు తిరిగి ఉంటాడు.

మార్చి 8, శనివారం

మహిళా దినోత్సవమని సెంటరులో ఫొటోలు దిగాం. ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను. నాకే సిగ్గేసింది. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

జవేరియాకు ఇది తొలి కానుపు. పెనిమిటి మొయిజ్ ఎయిర్‌పోర్టుకు క్యాబు నడుపుతాడు. మా సెంటరు వెనక గల్లీలోనే కిరాయికి ఉంటారు. రోజూ వచ్చి అన్నం, గుడ్డు, పాలు ఇక్కడే తిని, కాసేపు నా బుర్ర తిని వెళుతుంది. బంగారం లాంటి పిల్ల. నిన్న వచ్చి బరువు చూసుకుని, గుడ్డు వద్దంది. రంజాన్ ఉపవాసం, రోజా ఉందట. ఆదివారం నుంచి ఉంటోందట. నాలుగో నెల.

"మీలో గర్భిణీలకు మాఫీ ఉంటది గదనే" అన్నాను.

"ఉంటది టీచర్. మా అత్త గూడ వద్దన్నది, తర్వాత పెట్టుకోవచ్చన్నది. నాకే మనసొప్పలే. ఒక్కరోజన్న ఇడిస్తే ఏందో ఎలితి."

సాధారణంగా అయితే నాకు ఇలాంటివాళ్లతో మాట్లాడటం వచ్చు. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసు. పక్కన కూర్చోబెట్టుకుని, నవ్వించి, దారికి తెస్తాను. నిన్న నా ఒంట్లో ఏం దూరిందో తెలియదు. చార్టు గోడకు కొట్టినంత పని చేశాను. నాలుగో నెలలో లోపల మెదడు తయారైతది, చేతులకు చాళ్లు పడ్తయి, అప్పుడు కడుపు మాడ్చుకుంటే అన్నీ వంకర పోతయి అని అరిచాను. డాక్టరు అనని మాటలు డాక్టరు అన్నాడని చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది.

"మా కరుణ్‌ను చూస్తున్నవ్ గద. అట్ల కావాల్నా నీ బిడ్డ?"

ఆ మాట అన్నాను. నా నోటితోనే అన్నాను. జవేరియా ముఖం తెల్లబోయింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె చూపు నా మీద లేదు, నా వెనక ఉంది. తిరిగి చూస్తే వంటగది గుమ్మంలో స్టూలు మీద కరుణ్. బల్బు హోల్డరు ఊడిపోయిందని పొద్దున నేనే పిలిచాను.

బిగించడం పూర్తి చేశాడు. స్విచ్చు వేసి చూసుకున్నాడు. స్టూలు ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

మార్చి 10, సోమవారం

కరుణ్ నాతో మాట్లాడటం లేదు. అన్నం తనే వడ్డించుకుంటున్నాడు. మాత్రలు రోజూ నా చేతి నుంచి తీసుకునేవాడు, ఇప్పుడు తనే డబ్బాలోంచి తీసుకుంటున్నాడు. వాడు పెరట్లోకి వెళ్ళినప్పుడు ఎంచి చూశాను. సరిగ్గానే వేసుకుంటున్నాడు. దానికి దేవుడికి స్తోత్రం చెప్పాను, తర్వాత ఏడ్చాను.

జవేరియా సెంటరుకు రాలేదు.

మార్చి 11

ఇవాళా రాలేదు.

మార్చి 12, బుధవారం

సెంటరు మూసి జవేరియా ఇంటికి వెళ్ళాను. అత్త షహజాది తలుపు తీసింది. నన్ను చూసి పక్కకు జరిగింది గానీ కూర్చోమనలేదు. జవేరియా మంచం మీద ఉంది. ఉపవాసాలు ఆ రోజు నుంచే మానేసిందట. తిండి మాత్రం సయించడం లేదట, భయానికి.

"ఐదు రోజులసంది చేతులు చూసుకుంటనే ఉన్నది పిల్ల" అంది షహజాది. "తినమని చెప్పనీకి నీకు ఇంకో మాట దొరకలేదా సరోజమ్మా?"

నేను నిలబడే ఉన్నాను. నా వయసు ఉంటుంది ఆమెకు. నాకు తిట్లు కొత్త కాదు గానీ, న్యాయమైన తిట్టుకు జవాబు చెప్పడం నాకు రాదు. తప్పైంది అన్నాను. డాక్టరు అట్ల చెప్పలేదు, నేనే కల్పించి చెప్పిన, ఐదు రోజుల రోజాకు ఏమీ కాదు, ఇప్పటికైనా మంచిగ తిను అన్నాను. విమానం ఒకటి పైనుంచి పోతుంటే అది పోయేదాకా ముగ్గురం ఆగాం.

జవేరియా లేచి కూర్చుంది. "టీచర్, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. కరుణ్ అన్నను చూసి, పుట్టకున్నా బాగుండె అని ఎన్నడన్న అనుకున్నరా?"

"ఎన్నడూ అనుకోలే" అన్నాను. ఆలోచించకుండా అన్నాను. వాడు ఇంట్లో అద్దాలన్నీ గుడ్డలతో కప్పేసిన ఏడాది కూడా అనుకోలేదు. బస్టాండులో వాడి కోసం రెండు రోజులు వెతికినప్పుడు కూడా అనుకోలేదు.

"మరి నన్నెందుకు భయపెట్టిన్రు?"

షహజాది అప్పుడు స్టూలు జరిపి కూర్చోమంది. జవేరియా నా కళ్లముందు రెండు అరటిపండ్లు తినేదాకా నేను కదల్లేదు.

మార్చి 16, ఆదివారం

ఉపవాసం ఎందుకు ఉన్నానో ఇంతవరకు రాయలేదు. సంఘంలో అందరూ ఉన్నారు, నేనూ ఉన్నాను అన్నట్టు రాసుకుంటూ వచ్చాను. అది అబద్ధం.

కరుణ్‌కు ముందు ఇద్దరు పోయారు. మొదటిది ఐదో నెలలో, కాటేదాన్‌లో ప్లాస్టిక్ కంపెనీలో పని చేస్తున్నప్పుడు. రెండోది మూడో నెలలోనే. వాళ్లకు పేర్లు లేవు. మూడోసారి నెల తప్పినప్పుడు మా ఆయనకు కూడా రెండు నెలలు చెప్పలేదు, చెబితే పోతుందేమో అని. శ్రమల దినాలు వచ్చాయి. ఎవరూ ఉండమనలేదు. పాస్టరమ్మ అయితే వద్దని బతిమాలింది. నేనే మొండికేశాను. ప్రభువా, ఈ ఒక్క బిడ్డ దక్కాలి, నలభై రోజులు పగలు పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టను అన్నాను.

మజ్జిగ తాగలేదు. ఒక్కరోజు కూడా తాగలేదు. ఈస్టరు నాడు గుడి మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను.

ఆ పూటలు బిడ్డకు పెట్టాల్సినవి. ఇరవై ఒక్క ఏళ్లుగా ఊళ్లో ఆడపిల్లలందరికీ చెబుతున్నాను, ఒక్క పూట మానొద్దని. నా బిడ్డకు మాత్రం చాళ్లు పడే వేళకు నేను కడుపు మాడ్చాను.

మార్చి 18, మంగళవారం

మాత్రల రోజు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం, వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దవాఖానలో వాడు మందుల వరుసలో నిలబడగానే నేను శ్రావణ్‌కుమార్ గది తలుపు తోసుకుని వెళ్ళాను. అంతా చెప్పాను. చెప్పి, అడిగాను. నా వల్లేనా?

ఆయన పెన్ను కింద పెట్టాడు. పెద్ద కరువులొచ్చి ఊళ్లకు ఊళ్లే నెలల తరబడి తిండి లేక అల్లాడిన చోట్ల, ఆ కాలంలో కడుపున పడ్డ పిల్లల్లో ఈ జబ్బు కొంచెం ఎక్కువ కనిపించిందమ్మా, అది దాచను అన్నాడు. "కానీ మీరు సాయంత్రం తిన్నారు. మీలాగా ఉండి, ఏ జబ్బూ లేని పిల్లల్ని కన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఒక తల్లిని చూసి, ఒక బిడ్డను చూసి, దీనివల్లే అని చెప్పగలిగినవాడు లోకంలో లేడు. అవునని చెబితే అబద్ధం. కాదని ఒట్టేసినా అబద్ధమే."

"చేతులు చెప్తయన్నరు గద."

ఆయన సొరుగులోంచి రెండు కాగితాలు తీసి, పేర్లున్న చోట మడిచి నా ముందు పెట్టాడు. ఒకటి మీవాడిది, చెప్పండి ఏదో అన్నాడు. నాకా చెప్పడం రానిది? నెల నుంచి వాడు నిద్రపోతే అదే చూస్తున్నాను. చిటికెన వేలి కింద తిన్నగా లేని చాళ్లు, వంకర తిరిగిన మూల, అన్నీ కనిపించాయి. వేలు పెట్టి చూపించాను.

మడత విప్పాడు. "ఇది నాది. సిరా సరిగా అంటుతుందో లేదోనని ముందు నా చెయ్యే అద్దుకున్నాను." ఆయన నవ్వలేదు. "వందల మంది చేతులు కలిపి సగటు తీస్తే రవ్వంత తేడా తేలుతుందమ్మా. ఒక్క చేతిని చూసి నేను కూడా చెప్పలేను."

నా కొడుకు చెయ్యి నేను గుర్తుపట్టలేదు. తప్పు ఎక్కడుందో వెతకడంలో చెయ్యి చూడటమే మరిచిపోయాను.

తిరుగు బస్సులో ఆరాంఘర్ దాటాక కరుణ్ పదకొండు రోజుల తర్వాత నోరు విప్పాడు.

"గంతసేపు ఏం అడిగినవ్ డాక్టర్ను?"

చెప్పేశాను. ఇక దాచడానికి నాలో శక్తి లేదు. పోయిన ఇద్దరి సంగతీ, నలభై రోజుల సంగతీ, గుడి మెట్ల సంగతీ. పక్క సీటావిడ వింటోందని తెలిసి కూడా చెప్పాను. నన్ను క్షమించు బిడ్డా అన్నాను.

వాడు ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు.

"నేను గరమైంది గందుకు అనుకుంటున్నవా? నువ్వు తిన్నవో తినలేదో నాకేం ఎర్క. నన్ను చూపిచ్చి జవేరియాకు 'అట్ల కావాల్నా' అన్నవ్. నేను ఆడ్నే ఉన్న గదమ్మా."

"తప్పైంది నాన్నా."

"పొద్దుగాల్నే లేస్త. మాత్ర ఏసుకుంట. చెవుల్ల ఎవ్వలో మాట్లాడినట్టు ఇనవడ్డా, ఇననట్టు చెట్లకు నీళ్లు పోస్త. నీకు బల్బు ఏసిచ్చిన. గిదంత మస్తు కష్టమైన పని అమ్మా. చూపిచ్చేదుంటే గిది చూపియ్యి ఎవలకన్నా."

ఏడేళ్లుగా వాడి పక్కనే ఉన్నాను. వాడు పని చేస్తున్నాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. జబ్బు పడి ఉన్నాడనే అనుకున్నాను.

శంషాబాద్ వంతెన దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగింది. వాడు నా వైపు తిరిగాడు.

"అయితే నేను దక్కాల్నని గంత మొండికేసినవ్."

"అవును బిడ్డా."

"దక్కిన గదా. ఇగ ఎందుకు పరేషాన్ అయితవ్?"

కొంగు అడ్డం పెట్టుకున్నాను. వాడు నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. దిగాల్సిన చోటు దాటిపోయి, ఒక స్టాపు వెనక్కి నడిచాం.

మార్చి 20

మాత్రలు నా చేతి నుంచి తీసుకోవడం లేదు. నేనే ఏసుకుంట, నాకొచ్చు అన్నాడు. నీళ్ల గ్లాసు మాత్రం ఇస్తే తీసుకున్నాడు. ఎంచి చూడటం మానేశాను.

మానేద్దామనుకుంటున్నాను.

మార్చి 23, ఆదివారం

రాత్రంతా నిద్ర లేదు. కూడికలో సాక్ష్యాలు చెప్పేవారు లేవండి అని పాస్టరు గారు అనగానే నా కాళ్లు వాటంతట అవే లేచాయి.

దేవుణ్ణి అడిగింది దొరికితే పదిమందిలో నిలబడి చెప్పాలి. అది మా పద్ధతి. ఉద్యోగం వచ్చినా చెబుతారు, బోరులో నీళ్లు పడినా చెబుతారు. కరుణ్ పుట్టినప్పుడు నేను చెప్పలేదు. నడక వచ్చాక చెబుదాం, మాటలొచ్చాక చెబుదాం, పదో తరగతి కానీ అనుకుంటూ వాయిదా వేశాను. అసలు కారణం దిష్టి. బైబిలు పట్టుకునే మనిషిని, దిష్టికి భయపడ్డానని గుడిలో అనలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాడికి జబ్బు చేశాక ఇక చెప్పడానికి ఏముందిలే అనుకున్నాను.

నేను లేవడం చూసి అందరూ నా వైపు తిరిగారు. కరుణ్‌కు నయమైందని చెబుతాననుకున్నారు. ఏడేళ్లుగా వాడి కోసం ప్రార్థన చేస్తున్నవాళ్లు వాళ్లు. ముందు చాప మీద ఉన్న పాస్టరమ్మ అప్పుడే కళ్లు తుడుచుకుంటోంది.

"తొంభై ఎనిమిదిలో, ఇద్దరు పోయినంక, ఈ ఒక్క బిడ్డ దక్కాల్నని దేవుణ్ణి అడిగిన. దక్కిండు. పేరు కరుణ్. ఇన్నేండ్లు చెప్పక ఊకున్న, తప్పు నాదే. ఇంతే" అన్నాను.

ఇంకేదో చెబుతానని అందరూ ఎదురుచూశారు. నేను కూర్చున్నాను. సాక్ష్యం అయ్యాక అందరూ ఆమెన్ అనాలి, ఎవరికీ ఏమనాలో తోచలేదు. పాస్టరు గారు కూడా పుస్తకం తెరిచి పట్టుకుని అలాగే ఉండిపోయారు.

అప్పుడు మగవాళ్ల వైపు, తలుపు దగ్గర నుంచి, ఒక్క గొంతు గట్టిగా ఆమెన్ అంది. అది కరుణ్ గొంతు.